మధ్యాహ్నం రెండున్నరకి బింగో-ఒచియాయ్: మూడు బళ్లు కలిసే స్టేషన్‌కి వెళ్లి రావడం ఎలా

నేను ఉండేది హిరోషిమాలో. జపాన్ చూడ్డానికి వచ్చే చుట్టాలూ స్నేహితులూ టోక్యో, క్యోటో అయిపోయాక నన్ను అడిగేది ఒకటే: "జనం తొక్కిసలాట లేని చోటు ఏదైనా ఉంటే చెప్పు." నేను చెప్పేదీ ఒకటే, బింగో-ఒచియాయ్ స్టేషన్. ఊరు కాదు, స్టేషనే. అక్కడ గుడి లేదు, కోట లేదు, స్టేషన్లో చిన్న దుకాణం కూడా లేదు. చుట్టూ కొండలు, కొద్దిపాటి ఇళ్లు, కాస్త దూరంలో రోడ్డు. అంతే.

కానీ రోజుకు ఒక్కసారి, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, మూడు దిక్కుల నుంచి మూడు చిన్న డీజిల్ రైలుబళ్లు అక్కడికి చేరతాయి. కాసేపు పక్కపక్కన నిలబడి, ఒకదాని ప్రయాణికుల్ని ఒకటి మార్చుకుని, దేని దారిన అది వెళ్లిపోతుంది. మీ రోజంతా ఆ కాసేపటి చుట్టూ అల్లుకోవాలి. "ఏదో ఒక టైముకి చేరదాం, ఏదో ఒక బండి ఉండకపోతుందా" అనుకుని బయలుదేరితే అక్కడ నిజంగానే బండి ఉండదు. గంటల తరబడి బెంచీ మీద కూర్చుని కొండలు లెక్కపెట్టుకోవాలి.

ఈ స్టేషన్ హిరోషిమా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది), షోబారా నగరం పరిధిలో, చూగోకు కొండల నడుమ 452 మీటర్ల ఎత్తులో ఉంది. రెండు లైన్లు ఇక్కడ కలుస్తాయి. ఒకటి గేబి లైన్, హిరోషిమా నుంచి ఒకయామా ప్రిఫెక్చర్‌లోని బిచ్చూ-కోజిరో దాకా 159.1 కిలోమీటర్లు. రెండోది కిసుకి లైన్, ఇక్కడి నుంచి ఉత్తరాన షిమానే ప్రిఫెక్చర్‌లోని షింజి దాకా 81.9 కిలోమీటర్లు. రెండూ జేఆర్ వెస్ట్ అనే రైల్వే కంపెనీ వాళ్లవే. లైన్లు రెండే అయినా దిక్కులు మూడు ఎందుకంటే, గేబి లైన్ ఇక్కడ తెగినట్టే లెక్క. పడమట, హిరోషిమా దిక్కున ఉన్న మియోషి వైపు నుంచి వచ్చే బండి ఇక్కడే ఆగిపోతుంది, తూర్పున, ఒకయామా దిక్కున ఉన్న నీమి వైపు నుంచి వచ్చేదీ ఇక్కడే ఆగిపోతుంది. దాటుకుని అవతలికి వెళ్లే బండి ఒక్కటీ లేదు. అందుకే ఎటు నుంచి వచ్చినా, ఎటు వెళ్లాలన్నా ఇక్కడ దిగి బండి మారాల్సిందే.

స్టేషన్ 1935 డిసెంబర్‌లో తెరిచారు. 1937లో కిసుకి లైన్ వచ్చి కలిశాక జంక్షన్ అయింది. ఆవిరి ఇంజన్ల కాలంలో వంద మందికి పైగా రైల్వే ఉద్యోగులు ఇక్కడ పనిచేసేవారు. హిరోషిమా నుంచి షిమానే వైపు వెళ్లే చిదోరి ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోయేది, రాత్రిపూట కూడా. 1997 నుంచి స్టేషన్లో సిబ్బందే లేరు. టికెట్ కిటికీ లేదు, గేటు లేదు, అడగడానికి మనిషి లేడు. కాబట్టి తెలుసుకోవాల్సినవన్నీ ముందే తెలుసుకుని వెళ్లాలి.

రోజు ఎంచుకోవడం

ముందు తేదీ చూసుకోండి, తర్వాతే టికెట్. నీమి వైపు తోజో నుంచి ఇక్కడికి రోజుకు మూడు బళ్లు, ఇక్కడి నుంచి అటు మూడు. కిసుకి లైన్‌లో కూడా ఈ కొసకు అంతే. మియోషి వైపు కాస్త నయం. టైమ్‌టేబుల్ ఏటా మార్చిలో మారుతుంది. నేనిక్కడ చెప్పే వేళలన్నీ ఉజ్జాయింపే, బయలుదేరే వారం జేఆర్ వెస్ట్ సైటులో ఒకసారి సరిచూసుకోండి. ఫోన్లో మ్యాప్ చూపించే దారిని ఒక్కదాన్నే నమ్మొద్దు. రైళ్ల వేళలు చూపించే నవిటైమ్, జోరుదాన్ యాప్‌లలో ఒకదాంట్లో కూడా తేదీతో సహా కొట్టి చూడండి. పట్టాల మరమ్మతు కోసం కొన్ని రోజుల్లో పగటి బళ్లు రద్దు చేస్తారు. అలాంటి రోజు ముందే ప్రకటిస్తారు గానీ, వెతికినవాళ్లకే కనపడుతుంది.

చలికాలం వద్దంటాను. మంచు పడితే కిసుకి లైన్‌లో ఇజుమో-యోకొతా నుంచి బింగో-ఒచియాయ్ దాకా ఉన్న పైభాగం వారాల తరబడి మూసేస్తారు, బదులుగా టాక్సీలు నడుపుతారు. గమ్యం చేరతారు గానీ, చూడాలని వచ్చిన రైలు మాత్రం ఉండదు. ఏప్రిల్ చివర్నుంచి జూన్ మొదటి వారం దాకా, మళ్లీ అక్టోబర్, నవంబర్ నా ఓటు. ఆకులు ఎర్రబడే రోజుల్లో శని, ఆదివారాలు మాత్రం వదిలేయండి. బండికి ఉండేది ఒకే ఒక్క పెట్టె, కెమెరాలు మెళ్లో వేసుకున్న రైలు అభిమానులతో అది నిండిపోతుంది. బడి సెలవుల్లో కూడా అంతే, ఎందుకంటే లోకల్ బళ్లలో ఎంత దూరమైనా తిరగనిచ్చే సెయిషున్ 18 టికెట్ అప్పుడే చెల్లుతుంది. వారం మధ్యలో, మంగళవారమో బుధవారమో వెళ్తే కిటికీ సీటు మీ ఇష్టం.

టికెట్టు, చిల్లర

ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. హిరోషిమాలో అందరం ఇకోకా కార్డు గేటుకి తాకించి లోపలికి వెళ్లిపోవడానికి అలవాటు పడ్డాం. ఈ ప్రయాణానికి అది చేయొద్దు. బింగో-ఒచియాయ్‌లో గానీ, కిసుకి లైన్ కొండ స్టేషన్లలో గానీ ఆ కార్డు చెల్లదు. కార్డుతో లోపలికి వెళ్లి అక్కడ దిగితే మొత్తం డబ్బు నగదుగా కట్టి, కార్డులో పడిన ఎంట్రీని మళ్లీ సిబ్బంది ఉన్న స్టేషన్లో తీయించుకోవాలి. అది తీసేదాకా ఆ కార్డు ఏ గేటు దగ్గరా పనిచేయదు. ఎందుకొచ్చిన టెన్షన్?

హిరోషిమా నుంచి షింజి దాకా ఒకే కాగితం టికెట్టు కొనండి. మెషీన్ దగ్గర కాదు, కౌంటర్ దగ్గర. "షింజి మదె, గేబి-సెన్, కిసుకి-సెన్ కేయు" అంటే చాలు, ఈ రెండు లైన్ల మీదుగా అని వాళ్లకు అర్థమవుతుంది. కౌంటర్లో ఉన్న కుర్రాడు మీ వంక ఒకసారి చూసి, కంప్యూటర్ వంక చూసి, "సరేనా? చాలాసేపు పడుతుంది" అని అడుగుతాడు. సరేనండి అని చెప్పండి. ఆ దారి 196.4 కిలోమీటర్లు. వంద కిలోమీటర్లు దాటిన ఇలాంటి టికెట్టు మీద వెనక్కి పోకుండా మధ్యలో ఎక్కడైనా దిగి మళ్లీ ఎక్కొచ్చు, పైగా రెండు రోజులు చెల్లుతుంది. అంటే మియోషిలో దిగి భోజనం చేయొచ్చు, కావాలంటే ఇజుమో-యోకొతాలో ఒక రాత్రి ఆగొచ్చు.

జపాన్ రైల్ పాస్ ఉంటే రెండు లైన్లూ అందులోనే వస్తాయి, వేరే టికెట్టు అక్కర్లేదు. సెయిషున్ 18 విషయంలో ఒక మార్పు గుర్తుంచుకోండి. 2024 చలికాలం నుంచి అది వరుసగా మూడు రోజులు లేదా వరుసగా ఐదు రోజులు, ఒక్క మనిషికే. అప్పటి ధరలు మూడు రోజులకు 10,000 యెన్లు, ఐదింటికి 12,050. పాతరోజుల్లోలాగా ఒక టికెట్టు నలుగురు పంచుకోవడం ఇప్పుడు కుదరదు.

టికెట్టు లేకుండా చిన్న స్టేషన్లో ఎక్కితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. బళ్లన్నీ డ్రైవర్ ఒక్కడే నడిపేవి, కండక్టర్ ఉండడు. వెనక తలుపు నుంచి ఎక్కాలి. తలుపు దానంతటదే తెరుచుకోకపోతే పక్కనున్న బటన్ నొక్కండి. ఎక్కగానే చిన్న డబ్బాలోంచి అంకె వేసిన చీటీ బయటికొస్తుంది, దాన్ని లాక్కుని దాచుకోండి. ముందు డ్రైవర్ తలమీద బోర్డులో ఆ అంకె కింద ఎంత కట్టాలో కనపడుతుంది, బండి సాగేకొద్దీ పెరుగుతుంది. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర చీటీ, డబ్బూ కలిపి పెట్టెలో వేయాలి. సరిగ్గా సరిపడా చిల్లర వేయాలి, ఆ పెట్టె తిరిగి ఇవ్వదు. వెయ్యి యెన్ల నోటు మార్చుకునే మెషీన్ పక్కనే ఉంటుంది గానీ పదివేల నోటుతో పని జరగదు. చేతిలో వెయ్యి నోట్లు, వంద, పది నాణేలు ఉంచుకోండి.

తిండి సంగతి. మియోషి దాటాక దారిలో బండి దిగి కొనుక్కునే వీలు దాదాపు లేదనే అనుకోండి. హిరోషిమాలోనే కన్వీనియన్స్ స్టోర్‌లో ఒనిగిరి (అన్నం ముద్దలు) కొనుక్కుని సంచీలో వేసుకోండి. శాకాహారులైతే ఉమె (ఊరబెట్టిన పండు) లేదా కొంబు (సముద్రపు నాచు) ఉన్నవి చూడండి, అయినా వెనక రాసిన దినుసుల పట్టీని ఫోన్‌తో ఒకసారి చదివించండి, చేపల పొడి ఎందులో కలుపుతారో చెప్పలేం. నేనైతే పులిహోర డబ్బా కట్టుకుని పోతాను. ఖాళీ బండిలో తింటే ఎవరూ ఏమీ అనుకోరు, నిండుగా ఉంటే మాత్రం ఇంగువ వాసనకి నలుగురూ తిరిగి చూస్తారు. నీళ్లు తప్పకుండా పట్టుకెళ్లండి. చెత్తబుట్టలు కనపడవు, ఒక ఖాళీ కవరు కూడా.

ఎటు నుంచి వెళ్లి ఎటు బయటపడాలి

నన్నడిగితే మియోషి వైపు నుంచి వచ్చి, కిసుకి లైన్ మీద వెళ్లిపోవాలి. కారణం సూటిగా చెప్తాను. హిరోషిమాలో ఉదయం బయలుదేరితే పెద్ద హడావుడి లేకుండా రెండున్నరకి చేరతారు, అసలు చూడాల్సిన కొండ దిగుడు ఆ తర్వాత వస్తుంది, సాయంత్రానికి షింజి సరస్సు దగ్గర ఉంటారు, దగ్గర్లోని మాత్సుయె నగరంలో హోటల్ దొరుకుతుంది. వచ్చిన దారినే తిరిగి వెళ్లడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

హిరోషిమా నుంచి మియోషి 68.8 కిలోమీటర్లు, లోకల్ బండికి రెండు గంటలు వేసుకోండి. 2018 జూలై వరదల్లో ఈ దారిలో వంతెన ఒకటి కొట్టుకుపోయి, లైన్ మొత్తం మళ్లీ తెరుచుకునేసరికి 2019 అక్టోబర్ 23 అయింది. మియోషి చిన్న పట్నం. మూడు నదులు కలిసే చోటు కావడంతో శరదృతువులో పొద్దున్నే పొగమంచు సముద్రంలా కమ్ముకుంటుంది. ఒకప్పుడు ఇక్కడి నుంచే జపాన్ సముద్రం ఒడ్డున ఉన్న గోత్సు దాకా 108.1 కిలోమీటర్ల సాంకో లైన్ ఉండేది. 2018 మార్చి 31న ఆఖరి బండి నడిచింది. ఆ పక్క లైన్‌కి పట్టిన గతి చూశాకే గేబి లైన్ గురించి జనంలో గాభరా మొదలైంది.

మియోషిలో మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో బయలుదేరే బండి మీది. అక్కడి నుంచి 45.7 కిలోమీటర్లు. బండి రకం పేరు కిహా 120. మన పల్లెవెలుగు బస్సుని పట్టాలెక్కిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. షోబారా దాటాక లోయ ఇరుకవుతుంది. బింగో-సాయిజో దగ్గర మీకు ఒక గొరిల్లాలాంటి బొమ్మ కనపడితే ఆశ్చర్యపోకండి. 1970లో ఇక్కడి కొండల్లో మనిషంత కోతిలాంటి జంతువును చూశామని చాలామంది చెప్పారు, దానికి హిబాగోన్ అని పేరు పెట్టారు. జంతువు దొరకలేదు గానీ పేరు ఊరికి అతుక్కుపోయింది.

కొన్నిచోట్ల బండి హఠాత్తుగా నడక వేగానికి దిగుతుంది. చెడిపోలేదు, కంగారు పడొద్దు. కొండచరియలు, చెట్లు పట్టాల మీదికి వంగి ఉండే చోట్ల గంటకు 25 కిలోమీటర్లకు మించి వెళ్లొద్దని హద్దు పెట్టారు. గోడలు కట్టి వేగం పెంచడం కన్నా నెమ్మదిగా పోవడం చవక. తోజో వైపు ఇది ఇంకా ఎక్కువ.

ఒకయామా నుంచి వచ్చేవాళ్లయితే నీమి దారి పట్టొచ్చు. యకుమో ఎక్స్‌ప్రెస్‌లో నీమి చేరి, అక్కడ ఒంటిగంట ప్రాంతంలో బయలుదేరే గేబి బండి ఎక్కాలి. దారిలో దోగోయామా స్టేషన్, 611 మీటర్లు, గేబి లైన్‌కంతటికీ ఎత్తైనది. అందం మాట ఎలా ఉన్నా, ఈ ముక్కని ముందు చూసేయండి అనడానికి నా దగ్గర వేరే కారణం ఉంది. తోజో, బింగో-ఒచియాయ్ మధ్య 25.8 కిలోమీటర్లలో 1987లో రోజుకు సగటున 476 మంది ప్రయాణించేవారు, 2019కి అది 11కి పడిపోయింది. జేఆర్ వెస్ట్ 2022లో బయటపెట్టిన లెక్కల ప్రకారం, 2017 నుంచి 2019 వరకు ఈ ముక్కలో వంద యెన్లు సంపాదించడానికి 25,416 యెన్లు ఖర్చయ్యాయి. బిచ్చూ-కోజిరో నుంచి బింగో-షోబారా దాకా 68.5 కిలోమీటర్లను ఏం చేయాలో తేల్చడానికి 2024 మార్చిలో ప్రభుత్వం, ప్రిఫెక్చర్లు, రైల్వే కలిసి చర్చలు మొదలుపెట్టాయి. అదే ఏడాది కిసుకి లైన్ పైభాగం 29.6 కిలోమీటర్ల గురించి కూడా మాట్లాడుకుందామని రైల్వే అడిగింది. "వచ్చేసారి వచ్చినప్పుడు చూద్దాంలే" అనే మాట ఈ స్టేషన్‌కి పనికిరాదు.

ఆ కొద్ది నిమిషాలు

బండి ఆగగానే సామాను తీసుకుని దిగండి. అందరికన్నా ముందు చేయాల్సింది ఫోటో కాదు, మీ తర్వాతి బండిలో సీటు. కిసుకి లైన్‌ది ఒకటో ప్లాట్‌ఫామ్, స్టేషన్ భవనానికి ఆనుకునే ఉంటుంది. గేబి లైన్ బళ్లు అవతల, పట్టాల నడుమ ఉన్న ప్లాట్‌ఫామ్ మీద. మధ్యలో వంతెన లేదు, పట్టాల మీదుగా నేల దారినే దాటాలి. రెండు వైపులా చూసి దాటండి, ఆ సమయంలో అటో బండి ఇటో బండి కదులుతూ ఉంటుంది. కిసుకి బండి ఇంకా రాకపోతే ఒకటో ప్లాట్‌ఫామ్ మీద మీ స్థానం చూసుకుని నిలబడండి. ఏ బండి ఏదో అనుమానం వస్తే "సుమిమాసెన్, షింజి యుకి వా దొరె దెసు కా" అని డ్రైవర్‌ని అడగండి, వేలు చూపిస్తాడు. జేబు రుమాలో టోపీయో సీటు మీద పెట్టి, అప్పుడు తిరగండి.

మూడు బళ్లూ ఇంజన్లు ఆపకుండానే ఉంటాయి, లోయంతా ఒకటే గురగుర. ముగ్గురు డ్రైవర్లు దిగి, ఒకరికొకరు తల పంకించి, మళ్లీ గడియారం చూసుకుంటారు. ప్రయాణికుల్లో సగం మంది తమ బండిని వదిలి పక్క బండిని ఫోటో తీస్తుంటారు. మిగతా సగం, ఊరివాళ్లు, ఇదంతా పట్టనట్టు మారాల్సిన బండిలోకి మారి కళ్లు మూసుకుంటారు. ఒకసారి మా అక్క కొడుకుని తీసుకెళ్లాను. వాడు బళ్ల వంకా నా వంకా చూసి, "పిన్నీ, పొద్దున్నే లేపి తెచ్చింది ఈ పదిహేను నిమిషాల కోసమా?" అన్నాడు. అవునన్నాను. వాడి ఫోన్లో ఆ రోజు తీసిన ఫోటోల్లో సగానికి పైగా ఇక్కడివే.

సీటు దక్కించుకున్నాక టైముంటే ముందు స్టేషన్ గదిలోకి వెళ్లండి. పాత ఫోటోలు, పాత బోర్డులు, ఆవిరి ఇంజన్ల కాలం నాటి జ్ఞాపకాలు గోడల నిండా పెట్టి ఉంచారు. వచ్చినవాళ్లు రాసి వెళ్లే నోటుబుక్కు ఉంటుంది, తెలుగులో ఒక లైను రాసి పోండి. యార్డు వైపు చూస్తే గడ్డి మొలిచిన పట్టాలు చాలా కనపడతాయి, వాటికి అవతల ఇంజన్లను తిప్పే గుండ్రటి టర్న్‌టేబుల్ గుంట ఇప్పటికీ ఉంది. దాని దగ్గరికి పోయే ప్రయత్నం ఈ కాస్త టైములో చేయొద్దు. బళ్లు నిమిషాల తేడాతో వరుసగా కదులుతాయి, మీకోసం ఏదీ ఆగదు.

కొండ దిగే దారి

కిసుకి బండి దాదాపు మూడు గంటల ప్రయాణం. పెట్టెలో టాయిలెట్ ఉంటుంది, ఆ బెంగ అక్కర్లేదు. ఒచియాయ్ నుంచి ముందు ఎక్కుడే. యుకి దాటి మీయినోహారా చేరేసరికి 727 మీటర్లు, జేఆర్ వెస్ట్ స్టేషన్లన్నిట్లో ఇదే ఎత్తైనది. ఇక్కడి నుంచి కళ్లు కిటికీకి అతికించండి. మీయినోహారా నుంచి ఇజుమో-సాకనే దాకా ఎగిరే పిట్టకు కిలోమీటరు పైచిలుకు దూరం, రైలుకి ఆరు కిలోమీటర్లు దాటుతుంది, ఎత్తు నూట అరవై మీటర్లకు పైగా తగ్గుతుంది. చెట్లు తెరిపిచ్చిన చోట లోయకి అడ్డంగా ఎర్రటి పెద్ద వంతెన, దాని కింద మెలికలు తిరిగే రోడ్డు కనపడతాయి. అది ఒరోచి లూప్, 1992లో తెరిచిన 314వ నంబరు జాతీయ రహదారి. ఎటు పక్క కూర్చోవాలని తల బద్దలు కొట్టుకోకండి, పెట్టె ఖాళీగా ఉంటే అటూ ఇటూ మారడమే.

తర్వాత బండి అడవిలో, మంచు పడకుండా కట్టిన షెడ్డు దగ్గర ఆగుతుంది. స్టేషన్ కాదు, ఎవరూ దిగరు. డ్రైవర్ తన తాళాలూ సంచీ తీసుకుని లేచి, మీ పక్క నుంచి నడుచుకుంటూ పెట్టె అవతలి కొసకి వెళ్లి అక్కడి సీట్లో కూర్చుంటాడు. సిగ్నల్ వైపు వేలు చూపించి ఏదో గట్టిగా అనుకుంటాడు, అది వాళ్ల నియమం. బండి వచ్చిన వైపుకే కదులుతుంది, కానీ ఇంకో పట్టా మీద, ఇంకా కిందికి. మీరు వచ్చిన పట్టా పైన చెట్ల మధ్య అలా వెనక్కి జరుగుతూ కనపడుతుంది. ఇజుమో-సాకనేలో ఆగాక డ్రైవర్ మళ్లీ నడిచి మొదటి కొసకి వస్తాడు. మళ్లీ దిశ మారుతుంది. కొండ మరీ నిటారుగా ఉండడంతో నేరుగా పట్టాలు వేయలేక, మూడు మెట్లుగా జిగ్‌జాగ్ వేసుకున్న ఏర్పాటు ఇది. ఇజుమో-సాకనేలో ఎన్మెయిసుయి అనే ఊటనీళ్లు ప్రసిద్ధి, ఆయుష్షు పెంచుతాయంటారు. బండి ఎంతసేపు ఆగుతుందో డ్రైవర్‌ని అడగకుండా మాత్రం సీసా పట్టుకుని పరిగెత్తొద్దు. ఆయుష్షు సంగతేమో గానీ బండి వెళ్లిపోతుంది.

పాత ప్రయాణ వ్యాసాల్లో ఈ దారికి ఒకు-ఇజుమో ఒరోచి అనే తెరిచిన పెట్టెల ట్రాలీ రైలు ఎక్కమని రాసి ఉంటుంది. అది 2023 నవంబర్ 23తో ఆగిపోయింది. 2024 నుంచి వస్తున్న అమెత్సుచి అనే టూరిస్టు రైలు ఇజుమో-యోకొతా దాకానే, పైకి రాదు. కాబట్టి ఈ జిగ్‌జాగ్ చూడాలంటే మామూలు లోకల్ బండే గతి. నన్నడిగితే అదే మేలు కూడా.

ఇజుమో-యోకొతా తర్వాత లోయ విప్పారుతుంది. స్టేషన్ భవనం షింతో గుడి తరహాలో 1934లో కట్టారు, తలుపు మీద లావుపాటి గడ్డి తాడు వేలాడుతుంది. పాతకాలం తతారా కొలిమి పద్ధతిలో ఇనపఇసుక నుంచి కత్తుల ఉక్కు తీసే పని ఈ ప్రాంతంలో ఇప్పటికీ సాగుతోంది. ఆ ఇసుక కోసం తవ్వేసిన కొండవాలులే చాలాచోట్ల ఇప్పుడు వరిమళ్లు. ఎనిమిది తలల పాముని సుసానో దేవుడు చంపిన కథ కూడా ఈ సీమదే. కమెదాకే స్టేషన్ భవనంలోనే సోబా నూడుల్స్ కొట్టు ఉంది, సోబా తినేవాళ్లు దీనికోసమే ఒకరోజు ఆగుతారు. ఆ తర్వాతి గంట కాస్త నిద్రపోయినా పోయేదేం లేదు. షింజిలో సాన్-ఇన్ లైన్ బండి మారితే మాత్సుయె ఇంకో ఇరవై నిమిషాలు.

ఎక్కువసేపు ఉండాలనుకుంటే, ఇరుక్కుపోతే

రెండున్నర బళ్లన్నీ వదిలేసి కిసుకి లైన్ తర్వాతి బండి దాకా ఉండొచ్చు, అది ఐదున్నర దాటాక. మూడు గంటలు. రోడ్డు పక్కన డ్రైవ్‌-ఇన్ ఒచియాయ్ అని ఒక భోజనశాల ఉంది, స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే. ఒకప్పుడు ఈ ప్లాట్‌ఫామ్ మీద అమ్మిన ఒదెన్ ఉదోన్ అనే లావు నూడుల్స్‌ని వాళ్లు ఇప్పటికీ చేస్తారు. ఉడికించిన ముల్లంగి, గుడ్డు, చేపముద్దలు వేసిన ఉదోన్ అది, పులుసులో కూడా చేపరసం ఉంటుంది, శాకాహారులకు కుదరదు. తెరిచి ఉంటుందో లేదో ఆ రోజు ఫోన్ చేసి కనుక్కునే నడవండి. ఈ దారిలో ఒక నష్టం, చలికాలానికి ముందు నెలల్లో ఐదున్నరకే చీకటి పడి జిగ్‌జాగ్ కనపడదు. మే, జూన్‌లో అయితే బాగుంటుంది.

వాన, కొండచరియలు, అడ్డంగా వచ్చిన జింకలు, కారణం ఏదైనా మీ బండి ఆలస్యమైతే ముందు డ్రైవర్‌కి చెప్పండి, "కిసుకి-సెన్ నొరికాయె" అని, అంటే కిసుకి లైన్‌కి మారాలి అని. ఆయన కంట్రోల్‌తో మాట్లాడతాడు, చాలావరకు కిసుకి బండిని ఆపి ఉంచుతారు. అలా కుదరకపోతే మీరు వచ్చిన బండి మళ్లీ వెనక్కి వెళ్లేదే కాబట్టి, కొండ మధ్యలో దిగిపోకుండా అదే బండిలో మియోషికో నీమికో తిరిగి వెళ్లిపోండి. అక్కడ హోటళ్లు ఉన్నాయి. స్టేషన్ దగ్గర టాక్సీ నిలబడి ఉండదు, సాయిజో నుంచో షోబారా నుంచో పిలిపించుకోవాలి, మీటరు బాగానే తిరుగుతుంది. ఫోన్ నంబర్లు ముందే రాసి పెట్టుకోండి, పవర్ బ్యాంకు సంచీలో ఉంచుకోండి. మాత్సుయె హోటల్‌ని మాత్రం ఆ రోజు మధ్యాహ్నం దాకా డబ్బు పోకుండా రద్దు చేసుకునే పద్ధతిలోనే బుక్ చేయండి.